ఇండియానాపోలిస్ ట్రాక్ రికార్డు అసలు ఏది? 1996 నాటి అంకె ఇంకా ఎందుకు చెక్కుచెదరలేదు?

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టారిని. మా అబ్బాయి ఇండియానాపోలిస్ పక్కన కార్మెల్‌లో ఉంటాడు. ఈ మే నెలలో నేనూ మా ఆవిడా అక్కడే ఉంటాం. కార్ల రేసు ట్రాక్ చూపిస్తానన్నాడు. అక్కడి ల్యాప్ రికార్డు, అంటే ఒక చుట్టు వేగం, ఎంత అని చూస్తే ఒకచోట 239 మైళ్లు, ఒకచోట 237, ఇంకోచోట 234 అని ఉంది. ఏది నిజం? పైగా రికార్డు 1996 నాటిదట. ఇన్నేళ్లుగా కార్లు మెరుగుపడలేదా?

జవాబు:

మాస్టారూ, మీరు చూసిన మూడు అంకెలూ నిజమే. ఒక్కోటి ఒక్కో రికార్డు, అంతే. వీటిని కలిపేసి చెప్పడం వల్లే ఈ తికమక. నేను ఇండియానాకు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. దాదాపు ప్రతి మే నెలలోనూ కనీసం క్వాలిఫైయింగ్ రోజైనా, అంటే రేసులో ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే రోజైనా, అక్కడికి వెళ్తాను. మీ ప్రశ్న నాకు ఎంతో ఇష్టమైనది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు లెక్క. ఈ ట్రాక్ చుట్టుకొలత 2.5 మైళ్లు, అంటే 4 కిలోమీటర్ల పైచిలుకు. ఒక ల్యాప్‌కు పట్టిన సెకన్లతో 9000ను భాగిస్తే గంటకు ఎన్ని మైళ్లో వచ్చేస్తుంది. 60 సెకన్లయితే 150, 45 సెకన్లయితే 200. ఈ ఒక్క సూత్రం దగ్గర పెట్టుకుంటే మిగతాదంతా మీకు నల్లేరు మీద నడకే. ఇక్కడినుంచి నేను చెప్పే వేగాలన్నీ గంటకు మైళ్లలోనే.

239.260 అనేది 1996 మే 10న ఆరీ లూయెండైక్ అనే డచ్ డ్రైవర్ ప్రాక్టీసులో కొట్టిన వేగం. ప్రాక్టీసు కాబట్టి అధికారిక రికార్డు కాదు. రెండు రోజుల తర్వాత, మే 12న, అదే మనిషి క్వాలిఫైయింగ్‌లో ఒక ల్యాప్‌ను 37.895 సెకన్లలో తిరిగాడు. 9000ను దానితో భాగించండి, 237.498 వస్తుంది. మన లెక్కలో గంటకు 382 కిలోమీటర్లు. ట్రాక్ రికార్డు అంటే ఇదీ. ఇక్కడ క్వాలిఫైయింగ్‌కు వరుసగా నాలుగు ల్యాపులు తిరిగి సగటు తీస్తారు. ఆ నాలుగు ల్యాపుల రికార్డు కూడా ఆయనదే: 236.986. అసలు రేసు నడుస్తుండగా ఒక ల్యాప్‌లో అత్యధిక వేగం 236.103, ఎడ్డీ చీవర్‌ది, అదీ 1996లోనే. మరి 234? అది 2024లో స్కాట్ మెక్‌లాక్లిన్ సాధించిన 234.220. పోల్, అంటే మొదటి వరుసలో మొదటి స్థానం దక్కించుకున్న వాళ్లలో అదే అత్యధిక వేగం.

236 కొట్టినవాడికి పోల్ ఎందుకు రాలేదని మీకు వెంటనే అనుమానం వస్తుంది. దాని వెనక ఏడు పౌండ్ల కథ ఉంది, తర్వాత చెబుతాను.

మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఒక్క మాటలో: కార్లు మెరుగుపడ్డాయి, కానీ వాటిని అంత వేగంగా పోనివ్వకూడదని నిబంధనలు రాసేవాళ్లు నిర్ణయించారు. ఇలా జరగడం ఇది మొదటిసారి కూడా కాదు. ఈ ట్రాక్ చరిత్రలో రికార్డు ఎక్కడ ఆగిందో అక్కడ వెతికితే ఒక చావో, ఒక ఖర్చుల గొడవో, ఒక కొత్త నిబంధనో కనబడుతుంది. అందుకే మొదటి నుంచీ చెప్పాలి.

1909లో కార్ల్ ఫిషర్, జేమ్స్ ఆలిసన్, ఆర్థర్ న్యూబీ, ఫ్రాంక్ వీలర్ అనే నలుగురు వ్యాపారులు ఊరికి వాయవ్యంగా ఒక పొలం కొని ఈ ట్రాక్ కట్టారు. ఇండియానాలో అప్పుడు కార్ల కంపెనీలు బోలెడు. వాటికి కార్లు పరీక్షించుకోవడానికి చోటు కావాలి, అదీ ఆలోచన. ఆకారం అప్పటిది ఇప్పటికీ మారలేదు. పేరుకు ఓవల్ అంటారు గానీ నిజానికి మూలలు గుండ్రంగా తీర్చిన దీర్ఘచతురస్రం. ఒక్కోటి మైలులో అయిదెనిమిదో వంతు ఉండే పొడవాటి దారులు రెండు, ఎనిమిదో వంతు ఉండే పొట్టి దారులు రెండు, పావు మైలు మలుపులు నాలుగు. కూడి చూడండి, సరిగ్గా రెండున్నర.

మలుపుల్లో వాలు 9 డిగ్రీల పైన కొద్దిగా, అంతే. అలబామాలోని టాలడేగా ట్రాక్‌లో 33 డిగ్రీల వాలు ఉంటుంది, అక్కడ గోడ మీద పోతున్నట్టే ఉంటుంది. వాలు ఎక్కువుంటే కారును రోడ్డే పట్టుకుంటుంది. ఇండియానాపోలిస్‌లో ఆ సాయం చాలా తక్కువ. 230 పైన వేగంతో వచ్చి దాదాపు చదునుగా ఉన్న రోడ్డు మీద లంబకోణం తిరగాలి. అసలు కష్టమంతా అక్కడే ఉంది.

మొదట కంకర, తారు పరిచారు. అది పెద్ద పొరపాటైంది. 1909 ఆగస్టులో మూడు రోజుల కార్ల పందేల్లో రోడ్డు పెళ్లలుగా లేచిపోయింది. ఇద్దరు మెకానిక్‌లు, ఒక డ్రైవరు, ఇద్దరు ప్రేక్షకులు, మొత్తం అయిదుగురు చనిపోయారు. చివరి రోజు రేసును మధ్యలోనే ఆపేశారు. అక్కడితో మూతపడాల్సిన చోటు. ఆ నలుగురూ మాత్రం 32 లక్షల ఇటుకలు తెప్పించి 63 రోజుల్లో ట్రాకంతా పరిపించారు. ఒక్కో ఇటుక నాలుగు కిలోల పైన బరువు. ఈ చోటికి బ్రిక్‌యార్డ్ అనే పేరు అలా వచ్చింది. ఇప్పుడు పైన తారు ఉన్నా అడుగున చాలా ఇటుకలు అలాగే ఉన్నాయి. ముగింపు గీత దగ్గర మాత్రం ఒక గజం వెడల్పున పైకి కనబడేలా వదిలేశారు. రికార్డు వేగంతో పోయే కారు ఆ గజాన్ని సెకనులో నూరో వంతు కూడా పట్టకుండా దాటేస్తుంది.

1911 మే 30న మొదటి 500 మైళ్ల రేసు. గెలిచినవాడు రే హారూన్, కారు మార్మన్ వాస్ప్, సగటు 74.602. అంటే ల్యాప్‌కు రెండు నిమిషాలు. మిగతా కార్లలో వెనక ఎవరొస్తున్నారో చూసి చెప్పడానికి పక్కన మెకానిక్ కూర్చునేవాడు. హారూన్ ఒక్కడే కూర్చుని, ముందు ఒక అద్దం బిగించుకున్నాడు. ఆ పసుప్పచ్చ కారు ట్రాక్ లోపలి మ్యూజియంలో ఉంటుంది, తప్పక చూడండి.

మరుసటి ఏడాది నుంచి గడియారం పట్టి అర్హత పరీక్షలు పెట్టారు. 1912లో డేవిడ్ బ్రూస్-బ్రౌన్ 88.45. 1914లో ఫ్రెంచ్ డ్రైవర్ జార్జ్ బ్వాలో 99.86 దాకా వచ్చాడు, నూరు ఆ కాస్తలో తప్పిపోయింది. యుద్ధం అయ్యాక 1919లో ఇంకో ఫ్రెంచివాడు, రెనే తోమా, 104.785తో నూరు దాటేశాడు.

ఇక్కడ మీరు 1928 గుర్తుపెట్టుకోవాలి. లియాన్ డ్యూరే ఒకటిన్నర లీటర్ల మిల్లర్ కారులో 124.018 కొట్టాడు. చిన్న ఇంజనే, కానీ దానికి సూపర్‌ఛార్జర్, అంటే గాలిని బలవంతంగా లోపలికి కుక్కే పరికరం ఉంది. ఆ తర్వాత తొమ్మిదేళ్ల పాటు ఆ అంకె దగ్గరికి ఎవరూ రాలేదు. కార్లు నాసిరకంగా తయారయ్యాయా? కాదు. 1930 నుంచి నిబంధనలు మార్చి, మామూలు కార్ల కంపెనీలు కూడా తక్కువ ఖర్చుతో పోటీకి రావాలని సూపర్‌ఛార్జర్లను దాదాపుగా నిషేధించారు. రెండు సీట్ల బరువైన కార్లే రావాలన్నారు. 1937లో సూపర్‌ఛార్జర్లను మళ్లీ అనుమతించారు, అదే ఏడాది జిమ్మీ స్నైడర్ 130.492 కొట్టాడు. అంటే ఇన్నాళ్లూ తాళం వేసి ఉంచారన్నమాట. 1996 తర్వాత జరిగింది అర్థం కావాలంటే ఈ ముక్క చాలు.

రెండో ప్రపంచయుద్ధంలో ట్రాక్ గడ్డి మొలిచి పాడుబడింది. 1945లో టోనీ హల్మన్ అనే వ్యాపారి ఏడున్నర లక్షల డాలర్లకు కొని బాగుచేయించాడు. లేకపోతే ఇవాళ అక్కడ ఇళ్ల ప్లాట్లు ఉండేవి.

మనవాళ్లు చాలామంది పనిచేసే కొలంబస్ పట్నం సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఇండియానాపోలిస్‌కు దక్షిణంగా గంట దూరంలో ఉంటుంది, కమ్మిన్స్ కంపెనీ సొంత ఊరు. లారీలకు డీజిల్ ఇంజన్లు చేసే ఆ కంపెనీ 1952లో డీజిల్ కారుతో వచ్చి పోల్ కొట్టింది! డ్రైవర్ ఫ్రెడ్ అగబాషియన్, సగటు 138.010, అప్పటికి అదే రికార్డు. ఇంజన్‌ను పక్కకు పడుకోబెట్టి కారును నేలబారుగా తయారుచేశారు. దానికి టర్బోఛార్జర్, అంటే ఇంజన్ వదిలే పొగ ఊపుతో గాలిని లోపలికి కుక్కే పరికరం, బిగించారు, ఇండియానాపోలిస్‌లో అదే మొదటి టర్బో కారు. రేసులో మాత్రం 71 ల్యాపులకే ఆగిపోయింది. ముందున్న కార్ల టైర్ల నుంచి రాలిన రబ్బరు ముక్కలు గాలి లోపలికెళ్లే దారికి అడ్డుపడ్డాయి. ఆ కంపెనీలో పనిచేసే మన పిల్లల్లో చాలామందికి ఈ కథ తెలియదని నాకు బాధ. నాకు పరిచయమైన ప్రతి ఒక్కరికీ చెబుతుంటాను.

1962లో పార్నెల్లీ జోన్స్ నాలుగు ల్యాపుల సగటు 150.370. మీ లెక్క ప్రకారం ఒక నిమిషం లోపు ల్యాప్ అది. అంతకు కొన్ని నెలల ముందే, 1961 చివర్లో, ముందు దారిలో మిగిలిన ఇటుకల్ని కూడా తారుతో కప్పేశారు. ఆ కాలంలోనే ఇంజన్ డ్రైవరు ముందు నుంచి వెనక్కి మారింది. 1961లో జాక్ బ్రాభమ్ చిన్న కూపర్ కారుతో వచ్చి తొమ్మిదో స్థానంలో నిలిస్తే స్థానికులు అంతగా పట్టించుకోలేదు. నాలుగేళ్లకే, 1965లో, జిమ్ క్లార్క్ వెనక ఇంజన్ కారుతో రేసు గెలిచేశాడు. పాత పద్ధతి కార్ల పని అక్కడితో అయిపోయింది.

అసలైన దూకుడు 1972లో వచ్చింది. 1971 పోల్ వేగం 178.696. మరుసటి ఏడాది బాబీ అన్సర్ 195.940! ఒక్క ఏడాదిలో 17 మైళ్లు. ఈ ట్రాక్ మీద అలాంటి గెంతు ముందూ లేదు, తర్వాతా లేదు. కారణం రెక్కలు. విమానం రెక్కను తలకిందులుగా బిగిస్తే అది కారును పైకి లేపకుండా నేలకు అదుముతుంది. విడిగా బిగించే రెక్కల్ని 1972లో అనుమతించారు. అప్పటిదాకా మలుపులో జారిపోయే కారు ఇప్పుడు అతుక్కుని తిరగసాగింది. 1973లో జానీ రూథర్‌ఫర్డ్ 199.071 దాకా పోయాడు. 200కి సెకనులో అయిదో వంతు దూరం.

అదే 1973 మే నెల ఇక్కడి అత్యంత దుఃఖకరమైన నెలల్లో ఒకటి. పోల్ రోజు ప్రాక్టీసులో ఆర్ట్ పొలార్డ్ చనిపోయాడు. రేసులో స్వీడ్ సావేజ్ కారు గోడకు కొట్టుకుని మంటల్లో చిక్కుకుంది, దాదాపు నెల తర్వాత ఆయనా పోయాడు. ఆ మంటలవైపు దూసుకెళ్తున్న వాహనం తగిలి ఆయన జట్టులోని కుర్రాడు ఒకడు ప్రాణం వదిలాడు. తర్వాత రెక్కలు తగ్గించారు, కారులో ఇంధనం ట్యాంకు తగ్గించారు, టర్బో ఒత్తిడికి పరిమితి పెట్టారు. 1974 పోల్ వేగం 191.632కి పడిపోయింది. రికార్డు మళ్లీ ఆగింది. ఆగాల్సిందే, ఆగకపోతే ఇంకెంతమంది పోయేవారో.

1976లో ట్రాకంతా కొత్తగా తారు వేశారు. 1977 మే 14న టామ్ స్నీవా రెండో ల్యాప్‌ను 44.88 సెకన్లలో ముగించాడు, 200.535. మీకు ఇది నచ్చుతుంది: స్నీవా రేసుల్లోకి రాకముందు బడిలో లెక్కల మాస్టారు! మైకులో టామ్ కార్నెగీ గొంతు మోగింది, "ఇట్స్ ఏ న్యూ ట్రాక్ రికార్డ్" అని. ఆయన 1946 నుంచి 2006 దాకా ఇక్కడ అనౌన్సర్. 'న్యూ' అనే మాటను ఎంతసేపు సాగదీసేవాడో నేను స్వయంగా విన్నాను, కానీ పాత టేపుల్లో. నేనొచ్చాక ఆయనకు ఆ మాట అనే అవకాశం ఒక్కసారీ రాలేదు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు అంకెలు మెట్లెక్కినట్టు ఎక్కాయి. 1984లో మళ్లీ స్నీవాయే 210 దాటాడు. 1988లో రిక్ మియర్స్ ఒక ల్యాప్ 220 పైన. ఆ చలికాలం ముందు మళ్లీ తారు వేస్తే 1989లో పోల్ సగటే 223.885. 1992లో రోబెర్టో గెర్రెరో 232.482. పాపం, ఆయన రేసు మొదలుకాకముందే, ఆ చలిరోజు టైర్లు వేడెక్కించుకుంటూ కారును గోడకు కొట్టుకున్నాడు. రికార్డు చేతిలో ఉంది, రేసులో మాత్రం ఒక్క ల్యాప్ కూడా లేదు.

ఇప్పుడు 1996. మూడు విషయాలు ఒకేసారి కలిసొచ్చాయి. 1995 శరదృతువులో ట్రాక్‌కు మళ్లీ కొత్త తారు పడింది, నల్లగా, నున్నగా. కార్లు ఏళ్ల తరబడి సానబెట్టిన టర్బో తరగతివి. పైగా 1997 నుంచి కొత్త నిబంధనలు వస్తున్నాయని, ఈ కార్లకు ఇదే చివరి మే నెల అని అందరికీ తెలుసు. అప్పటికే అమెరికన్ రేసింగ్ రెండు ముక్కలై, పెద్ద జట్లు చాలావరకు ఇండియానాపోలిస్‌కు రాకుండా రేసు రోజునే మిషిగన్‌లో వేరే రేసు పెట్టుకున్నాయి. ఆ చీలిక ఈ ఆటకు చేసిన నష్టం ఇంతా అంతా కాదు. రికార్డులు బద్దలవుతున్న ఆ నెలలో దేశంలోని మేటి డ్రైవర్లలో సగం మంది అక్కడ లేరు.

మే 11, శనివారం, పోల్ రోజు. లూయెండైక్ సగటు 233.390, అందరికంటే పైన. స్కాట్ బ్రేటన్ అంతకుముందు తాను సాధించిన వేగాన్ని తానే రద్దు చేసుకుని, తెగించి మళ్లీ బరిలోకి దిగి 233.718తో దాన్ని దాటాడు. ఆ తర్వాత లూయెండైక్ కారును తూకం వేస్తే ఉండాల్సిన దానికంటే ఏడు పౌండ్లు తక్కువ. మూడు కిలోల చిల్లర! ఆ పరుగు మొత్తం చెల్లలేదు. ఆదివారం మళ్లీ వచ్చి 236.986 కొట్టాడు. కానీ పోల్ శనివారం వాళ్లకే, కాబట్టి చరిత్రలోకెల్లా వేగవంతుడు ఇరవయ్యో స్థానం నుంచి రేసు మొదలుపెట్టాడు. పోల్ రికార్డు బ్రేటన్ పేర వెళ్లింది.

అయిదు రోజులకు, మే 17న, ప్రాక్టీసులో రెండో మలుపు దగ్గర కుడి వెనక టైరులో గాలి పోయి బ్రేటన్ గోడకు కొట్టుకుని చనిపోయాడు. ఆయన 233.718ను 2022లో స్కాట్ డిక్సన్ 234.046తో దాటేదాకా, 26 ఏళ్లు, పోల్ రికార్డు ఆ పేరు మీదే ఉంది. అది దాటినరోజు నేను స్టాండ్స్‌లోనే ఉన్నాను. నా పక్కన కూర్చున్న పెద్దాయన చప్పట్లు కొట్టి, టోపీ తీసి కాసేపు ఒళ్లో పెట్టుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు. అడగక్కర్లేదు.

1997లో టర్బోలు పోయి నాలుగు లీటర్ల మామూలు ఇంజన్లు వచ్చాయి. ఖర్చు తగ్గాలి, వేగం తగ్గాలి, అదీ ఉద్దేశం. పోల్ మళ్లీ లూయెండైక్‌దే, కానీ 218.263. ఒక్క ఏడాదిలో 15 మైళ్లు దించేశారు. మీరే చూడండి, 1930లో జరిగిందే ఇది. తేడా ఒక్కటే, అప్పుడు ఏడేళ్లకు తాళం తీశారు, ఈసారి పూర్తిగా తీయలేదు.

2012 నుంచి టర్బోలు మళ్లీ వచ్చాయి, 2.2 లీటర్ల వీ6లు, అంటే ఆరు సిలిండర్ల ఇంజన్లు. క్వాలిఫైయింగ్‌కు మాత్రం టర్బో ఒత్తిడి కాస్త పెంచనిస్తారు. ఎంత పెంచాలనేది నిర్వాహకుల చేతిలో ఉంటుంది. 2015 మే నెలలో ఏమైందో చూడండి. అయిదు రోజుల వ్యవధిలో మూడు కార్లు గోడకు తగిలి గాల్లోకి లేచి తిరగబడ్డాయి. అదృష్టం, ముగ్గురు డ్రైవర్లూ నడిచి బయటికొచ్చారు. మూడోది క్వాలిఫైయింగ్ రోజు ఉదయమే జరిగింది. అప్పటికప్పుడు నిర్వాహకులు ఒత్తిడి తగ్గించి, రేసు రోజు ఎలా ఉంటాయో అలాగే కార్లు నడపాలన్నారు. అంతమంది టికెట్లు కొని రికార్డు కోసం ఎదురుచూస్తున్నారని ఆలోచించలేదు. నాకైతే ఆ నిర్ణయం చాలా గౌరవంగా అనిపించింది.

1996 కార్లలో కూర్చునేవాళ్ల తల బయటికే ఉండేది. ఇప్పుడు డ్రైవరు ముందు గట్టి పారదర్శక కవచం ఉంటుంది, 2020లో వచ్చింది. గోడలకు ఉక్కు, ఫోమ్‌తో చేసిన మెత్తని అడ్డుకట్టలు 2002లో మొదట పెట్టింది ఇక్కడే. కారుకు బరువు పెరిగింది, మనుషులు బతుకుతున్నారు. 2025లో హైబ్రిడ్ పరికరాల బరువు కూడా చేరింది. ఆ ఏడాది పోల్ కొత్త కుర్రాడు రాబర్ట్ ష్వార్ట్‌జ్‌మన్‌ది, 232.790. హైబ్రిడ్ సంగతి పక్కనపెట్టినా, ఆ కవచం బరువు మోస్తూ, చిన్న ఇంజన్‌తో, లూయెండైక్ నాలుగు ల్యాపులకు 2024 నాటి మెక్‌లాక్లిన్ పరుగు ఎంత వెనకబడిందో తెలుసా? మొత్తం పది మైళ్లలో 1.8 సెకన్లు. అందుకే కార్లు మెరుగుపడలేదన్న మాటను నేను గట్టిగా కాదనగలను. ఒత్తిడి మీట ఇంకాస్త తిప్పితే ఆ అంకె రేపే పోతుంది. నా మటుకు నాకు తిప్పకపోయినా పర్లేదు.

ఇంకో అపోహ కూడా తీరుస్తాను. 237.498 అనేది ప్రపంచంలోకెల్లా వేగవంతమైన ఓవల్ ల్యాప్ కాదు. 2000 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఫాంటానా ట్రాక్ మీద జీల్ డి ఫెర్రాన్ క్వాలిఫైయింగ్‌లో 241.428 కొట్టాడు. అక్కడ వాలు ఎక్కువ, దారులు వెడల్పు. ఆ ఓవల్‌ను ఇప్పుడు పడగొట్టేశారు.

మన దేశానికి ఈ ట్రాక్‌తో ఒక బంధం ఉంది. 2000 నుంచి 2007 దాకా ఫార్ములా వన్ రేసు ఇక్కడే జరిగేది, ఓవల్‌లో కొంత భాగాన్నీ లోపలి రోడ్డునూ కలిపి. ఓవల్ మొదటి మలుపును వాళ్లు ఎదురు దిశలో తిరిగేవాళ్లు. 2005లో ఆ వాలు మలుపు ఒత్తిడికి ఒక రకం టైర్లు తట్టుకోలేవని తేలి, ఆ టైర్లున్న 14 కార్లు ఫార్మేషన్ ల్యాప్, అంటే రేసుకు ముందు తిరిగే చుట్టు, అవగానే లోపలికి వెళ్లిపోయాయి. ఆరు కార్లే పరుగెత్తాయి. జనం మండిపడ్డారు. నేనూ నీరుగారిపోయాను, కానీ ఆ ఆరింటిలో ఒకటి కోయంబత్తూరు నరేన్ కార్తికేయన్‌ది. నాలుగో స్థానంలో వచ్చాడు, అయిదు పాయింట్లు. ఫార్ములా వన్‌లో ఒక భారతీయుడు సాధించిన మొదటి పాయింట్లు అవి. చుట్టూ జనం లేచి వెళ్లిపోతుంటే నేనూ మా స్నేహితుడూ చివరి ల్యాప్ దాకా కూర్చుని ఆయన కారు వచ్చినప్పుడల్లా లేచి నిలబడ్డాం.

ఇక మీరు వెళ్లే సంగతి. రేసు కంటే దానికి ముందు వారాంతం జరిగే క్వాలిఫైయింగ్‌కే మిమ్మల్ని వెళ్లమంటాను. టికెట్ చాలా చవక, తోపులాట ఉండదు, ఎండ తగిలితే సీటు మార్చుకోవచ్చు. ఇంటి తిండి లోపలికి తీసుకెళ్లనిస్తారు, అమ్మగారు పులిహోర కలిపితే నిక్షేపంగా పట్టుకెళ్లండి. చెవులకు ఇయర్ ప్లగ్స్ మాత్రం మర్చిపోవద్దు. గెలిచినవాళ్లు పాలు తాగడం మీరు వినే ఉంటారు. అది 1930ల్లో లూయీ మేయర్ అలవాటు నుంచి వచ్చింది. ఆయన తాగింది పాలు కాదు, మజ్జిగ!

మొదటి మలుపు దగ్గర, ఎత్తులో కూర్చోండి. కార్లు ఒక్కొక్కటే వస్తాయి. పక్కన పోటీ కారు ఉండదు కదా, ఇందులో చూడ్డానికేముంది అంటారు చాలామంది. మీరు కుడి ముందు చక్రాన్ని చూడండి. కార్లు ఎప్పుడూ ఎడమకే తిరుగుతాయి కాబట్టి కుడివైపు టైర్లు ఎడమ వాటికంటే కాస్త పెద్దవిగా ఉంటాయి. స్టీరింగ్ వదిలేస్తే కారు తనంతట తానే ఎడమకు లాగుతుంది. తిన్నని దారిలో డ్రైవర్లు స్టీరింగ్‌ను కొద్దిగా కుడికి పట్టుకుని పోతారు. మలుపు రాగానే ఆ పట్టు సడలిస్తారు, కారు అందులోకి వాలిపోతుంది.

2024లో మెక్‌లాక్లిన్ పసుప్పచ్చ కారు అలా వచ్చింది. ముందు కీచుమన్న సన్నని చప్పుడు, తర్వాత ఒక్క ఊపు గాలి, ఆ తర్వాత కారు లేదు. మొదటి ల్యాప్‌లో ఇంజన్ మోత ఎక్కడా తగ్గలేదు, అంటే మలుపులో కూడా కాలు తీయలేదు. మూడో ల్యాప్‌కు టైర్లు కాగిపోయి ముందు చక్రం బయటికి జారడం మొదలవుతుంది. అప్పుడు డ్రైవరు స్టీరింగ్ దగ్గరున్న మీటలతో బరువును ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి సర్దుకుంటాడు, 230 పైన వేగంలో, ఒక్క చేత్తో. నాలుగో ల్యాప్‌లో కాలు తీయాలా వద్దా అనేదే అసలు పరీక్ష. తెల్లని గోడకు కుడి టైరు జానెడు దూరంలో పోతుంటే నాకు గొంతు తడారిపోతుంది, ఇన్నేళ్లయినా.

గాలి ఎటునుంచి వీస్తోందో కూడా చూసుకోండి, జెండాలు ఉంటాయి. ముందు దారిలో కార్లు ఉత్తరం నుంచి దక్షిణానికి పోతాయి. దక్షిణపు గాలైతే మొదటి మలుపులో ఎదురొచ్చి కారును నేలకు అదుముతుంది, డ్రైవరుకు ధైర్యం. ఉత్తరపు గాలైతే వెనకనుంచి తోసి పట్టు వదిలిస్తుంది. ఎండ కాసేటప్పుడు తారు కాగి వేగాలు పడిపోతాయి, మబ్బు పడితే లేస్తాయి. ఒక మబ్బు కోసం జట్లు అరగంట వరుసలో ఆగడం నేను చూశాను. సాయంత్రం అయ్యేసరికి స్టాండ్స్ నీడ ముందు దారి మీద పరుచుకుంటుంది. ఆఖరి ఆరుగురూ పోల్ కోసం వచ్చేది ఆ వేళకే.

ఒక చిన్న నోట్‌బుక్ తీసుకెళ్లండి మాస్టారూ. బోర్డు మీద ప్రతి కారుకూ నాలుగు ల్యాపుల వేగాలు విడివిడిగా పడతాయి. మొదటిదానికీ నాలుగోదానికీ తేడా రాసుకుంటూ పోండి. మొదటి ల్యాప్ వేగం ఎక్కువుండి ఆ తేడా తక్కువున్నది ఎవరికో చూస్తే, పోల్ ఎవరిదో ఫలితం రాకముందే ఊహించి మీ అబ్బాయికి చెప్పగలరు.